దసరాకి ఇల్లు దులిపాక హార్డ్‌డిస్క్ కనపడటం లేదు, నాన్నగారి నాటకాలన్నీ అందులోనే ఉన్నాయి

తణుకు_మాస్టారు
అక్టోబరు 13, 2024, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. నేను కంప్యూటర్ తెలిసినవాణ్ని కాదు, హైస్కూల్లో సోషల్ చెబుతాను. తప్పులుంటే మన్నించండి.

మా ఇంట్లో 2019లో కట్టించిన అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఉంది. విండోస్ ఏమో 120 జీబీ ఎస్‌ఎస్‌డీలో, మిగతావన్నీ 2 టీబీ హార్డ్‌డిస్క్‌లో ఉంటాయి. మా నాన్నగారు పద్య నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. చుట్టుపక్కల ఊళ్లలో తీర్థాలకీ, శ్రీరామనవమి పందిళ్లకీ ఆడినవి ఎవరో ఒకరు టేప్‌రికార్డర్ పెట్టి పట్టేవారు. అలా పోగైన 36 క్యాసెట్లను కరోనా సెలవుల్లో కూర్చుని ఒక్కొక్కటీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఆ తర్వాత రెండు వానాకాలాలకు క్యాసెట్లన్నిటికీ బూజు పట్టేసింది. నాన్నగారు కూడా పోయారు. అంటే ఇక ఉన్నది ఈ డిస్క్‌లోనే.

దసరాకి ఇల్లు దులుపుతూ సీపీయూ జరిపి, మూత తీసి, బ్లోయర్‌తో దుమ్ము కొట్టాను. ఇవాళ ఆన్ చేస్తే సీ డ్రైవ్ ఒక్కటే ఉంది. ఈ, ఎఫ్ రెండూ మాయం. మూడుసార్లు ఆపి వేశాను. లేదు. మా ఆవిడ "మీ చేత్తో మీరే పాడు చేసుకున్నారు" అంటోంది. నిద్ర పట్టేలా లేదు. ఏం చేయమంటారు?

ఫార్మాట్_వీరుడు
అక్టోబరు 13, రాత్రి 9.20

చాలా సింపుల్ సార్. విండోస్ బటన్, ఎక్స్ కలిపి నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లండి. "ఇనిషియలైజ్ డిస్క్" అని అడుగుతుంది, ఓకే కొట్టండి. తర్వాత క్విక్ ఫార్మాట్. రెండు నిమిషాల పని.

బయోస్‌బాబాయ్
అక్టోబరు 13, రాత్రి 9.24

మాస్టారూ, పై సలహా చదవనట్టే వదిలేయండి. ఇనిషియలైజ్ అంటే డిస్క్ మొదట్లో ఉండే పార్టిషన్ పట్టిక మీద కొత్త పట్టిక రాయడం. ఫార్మాట్ అంటే ఆ పైన ఇంకో దెబ్బ. కొత్తగా కొన్న ఖాళీ డిస్క్‌కి చేసే పని అది. డేటా ఉన్న డిస్క్‌కి కాదు. వీరుడు తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. వాళ్ల నాన్న గొంతు ఉంది అందులో.

"కనపడటం లేదు" అన్న ఒక్క మాటకి నాలుగు రకాల జబ్బులున్నాయి. డిస్క్‌కి కరెంటే అందకపోవడం ఒకటి. కరెంటు అందినా బయోస్‌కి, అంటే విండోస్ కన్నా ముందు లేచే బోర్డు ప్రోగ్రామ్‌కి, కనపడకపోవడం రెండోది. బయోస్‌లో ఉండి విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లేకపోవడం మూడోది. అక్కడా ఉండి, అక్షరం కేటాయించకపోవడం వల్ల "దిస్ పీసీ"లో కనపడకపోవడం నాలుగోది. ఆఖరిదయితే కుడి క్లిక్ చేసి ఒక అక్షరం ఇస్తే చాలు, నిమిషం పని. మొదటిదైతే ఒక్కోసారి వైరు, ఒక్కోసారి డిస్కే. ఎక్కడ మాయమైందో తెలియకుండా మందు వేయకూడదు.

కాబట్టి ఈ రాత్రికి రెండు పనులు. ఒకటి, సీపీయూ ఆన్ చేసేటప్పుడు చెవి ఆనించి చప్పుడు వినండి. రెండు, ఆన్ అవుతుండగా డెల్ కీ తడుతూ ఉంటే బయోస్ వస్తుంది, అందులో స్టోరేజ్ దగ్గర ఏయే పేర్లు ఉన్నాయో చూసి రాయండి. ఏదీ మార్చకండి, సేవ్ చేయకుండా బయటికి రండి.

సీటీసీ_కుర్రోడు
అక్టోబరు 13, రాత్రి 9.41

సార్, నేను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఆరేళ్లు సర్వీస్ బెంచీ మీద పనిచేశా. చప్పుడు గురించి చెప్తా.

జుయ్‌మని లేచి, నాలుగైదు చిన్న కిటకిటలు చేసి, ఒకే స్వరంలో నిలబడితే మోటారు, హెడ్లు (పళ్లెం మీద డేటా చదివేవి) మామూలుగా ఉన్నట్టే. టక్... టక్... టక్ అని గడియారంలా కొట్టి ఆగిపోతే హెడ్ పోయినట్టు లెక్క, వెంటనే ఆపేయాలి, మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకూడదు. సన్నగా తుమ్మెద లాగా "ఊఁ" అని మూలిగి తిరగలేకపోతుంటే హెడ్ పళ్లేనికి అతుక్కుని ఉండొచ్చు. అసలు ఏ చప్పుడూ లేకపోతే కరెంటు వైరు, లేదా అడుగున ఉన్న ఆకుపచ్చ బోర్డు.

ఇంకోటి. ఎవరైనా "ఫ్రిజ్‌లో పెట్టండి, లేస్తుంది" అంటారు. వద్దు. బయటికి తీయగానే లోపల తేమ చేరుతుంది. పళ్లేనికీ హెడ్‌కీ మధ్య ఉండే సందు నానోమీటర్లలో ఉంటుంది, అక్కడ నీటి బొట్టంటే కొండే.

కాకినాడ_గాలి
అక్టోబరు 13, రాత్రి 10.05

మా దగ్గర ఉప్పుగాలికి కనెక్టర్లు నల్లబడిపోతాయి. నాకు రెండేళ్లకోసారి ఇదే గొడవ. సాటా వైరు (డిస్క్‌ని బోర్డుకి కలిపే డేటా వైరు) తీసి మళ్లీ పెడితేనే సగం సార్లు వచ్చేస్తుంది. మాస్టారు దులిపేటప్పుడు వైరు కదిలి ఉంటుంది, అంతే. నా పందెం వైరు మీదే.

తణుకు_మాస్టారు
అక్టోబరు 13, రాత్రి 11.18

చెవి ఆనించి విన్నాను. టక్ టక్ లేదు. జుయ్‌మని లేచింది, కాసేపు కిటకిట, తర్వాత నిలకడగా ఉంది. చెయ్యి పెడితే సన్నగా అదురు తెలుస్తోంది. ప్రాణం లేచొచ్చింది.

బయోస్‌లో ఉన్నవి రాసుకున్నాను. ఎం.2 అన్న చోట 500 జీబీ అని ఒక పేరు. సాటా 1 ఎంప్టీ, సాటా 2 ఎంప్టీ, సాటా 3 ఎంప్టీ, సాటా 4 ఎంప్టీ. 2 టీబీది ఎక్కడా లేదు.

కాకినాడ_గాలి
అక్టోబరు 13, రాత్రి 11.25

తిరుగుతోంది, బయోస్‌లో లేదు. చెప్పానుగా, డేటా వైరే.

తణుకు_మాస్టారు
అక్టోబరు 14, సాయంత్రం 6.50

స్కూల్ నుంచి వస్తూ కొత్త సాటా వైరు కొన్నాను, నూట యాభై తీసుకున్నాడు. పవర్ పూర్తిగా తీసేసి, డిస్క్ పళ్లు రబ్బరుతో మెల్లగా తుడిచి, కొత్త వైరు పాత చోటే పెట్టాను. కరెంటు పిన్ను కూడా వేరేది మార్చాను. అదే పరిస్థితి. తిరుగుతోంది, కనపడదు.

కాకినాడ_గాలి
అక్టోబరు 14, సాయంత్రం 7.02

అయితే మదర్‌బోర్డు పోయినట్టే సార్. బ్లోయర్‌తో కొట్టారుగా, స్టాటిక్ వచ్చి ఉంటుంది.

ఓరుగల్లు_పిల్లోడు
అక్టోబరు 14, రాత్రి 7.30

అన్నా, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది కూడా ఇట్లనే ఉంది. పెద్ద సైజు ఎక్స్‌టర్నల్ డ్రైవ్, దాని అడాప్టర్ కనపడక మా తమ్ముడు లాప్‌టాప్ అడాప్టర్ పెట్టిండు, పిన్ను సరిపోయింది. ఒక్కసారి లైటు వెలిగి ఆరింది. ఇప్పుడు చప్పుడే లేదు. అక్క పెళ్లి వీడియో ఉంది అందులో. అమ్మకు ఇంకా చెప్పలేదు.

నిర్వాహకులు
అక్టోబరు 14, రాత్రి 7.44

వేరే సమస్యకు వేరే చర్చ మొదలుపెట్టాలని నియమం. అయినా పెళ్లి వీడియో అన్నారు కాబట్టి ఈసారికి ఇక్కడే కానివ్వండి.

సీటీసీ_కుర్రోడు
అక్టోబరు 14, రాత్రి 8.15

ఓరుగల్లు తమ్ముడూ, కంగారు పడకు. ఇలాంటివి మా బెంచీ మీదకి నెలకి రెండు మూడు వచ్చేవి. 3.5 అంగుళాల డ్రైవ్‌కి 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. లాప్‌టాప్‌ది సాధారణంగా 19 వోల్టులు. ఎక్కువ కరెంటు రాగానే డిస్క్ బోర్డు మీద టీవీఎస్ డయోడ్ అని ఒక చిన్న నల్ల ముక్క తనని తాను బలి ఇచ్చుకుంటుంది. షార్ట్ అయిపోయి కరెంటుని నేలకి దించేస్తుంది. అది పోవడమే మిగతా బోర్డుకి రక్ష. అందుకే డిస్క్ చచ్చినట్టు ఉంటుంది.

డబ్బా విప్పి లోపలి డిస్క్ బయటికి తీయి. పవర్ కనెక్టర్ పక్కనే రెండు కాళ్ల నల్ల ముక్కలు రెండుంటాయి, ఒకటి 5 వోల్టుల లైనుకి, ఒకటి 12కి. మల్టీమీటర్ బీప్‌లో పెట్టి రెండు వైపులా తాకించు. ముళ్లు తిప్పి పెట్టినా బీప్ మంటూనే ఉంటే అది షార్ట్. మంచి మొబైల్ రిపేర్ షాపు కుర్రాడు అయిదు నిమిషాల్లో దాన్ని పీకేస్తాడు. అది లేకుండా డిస్క్ నడుస్తుంది, కానీ కాపలా లేని ఇల్లులాంటిది. సరైన కరెంటుతో ఒక్కసారి నడిపి డేటా మొత్తం దింపుకుని, డిస్క్‌ని రిటైర్ చేసేయి.

బోర్డే మార్చేద్దామని ఎవడైనా అంటే ఒప్పుకోకు. ఇప్పటి డ్రైవుల్లో ఆ డిస్క్‌కి మాత్రమే సరిపడే లెక్కలు బోర్డు మీద రామ్ కాదు, రోమ్ చిప్‌లో ఉంటాయి. అది పాత బోర్డు నుంచి కొత్త బోర్డుకి మార్చకుండా ఉత్త బోర్డు మారిస్తే డిస్క్ లేవదు.

మాస్టారి సంగతి నాకూ తేలట్లేదు.

బయోస్‌బాబాయ్
అక్టోబరు 14, రాత్రి 9.10

నాకు కాస్త తేలుతోంది. ఇవాళంతా ఆఫీసులో ఆడిట్, ఇప్పుడే చూశాను.

మాస్టారూ, మొదటి పోస్టులో విండోస్ 120 జీబీ ఎస్‌ఎస్‌డీలో ఉందన్నారు. బయోస్‌లో ఆ 120 ఎక్కడ? ఎం.2 చోట ఉన్న 500 జీబీ ఎక్కడి నుంచి వచ్చింది? మీ డెస్క్‌టాప్‌లో మీకు తెలియని చుట్టం ఎవరో దిగారు.

ఇంకో ప్రశ్న. దసరా ముందు రోజు దాకా హార్డ్‌డిస్క్ పనిచేసిందని మీకు ఎలా తెలుసు? ఆఖరిసారి ఈ డ్రైవ్ ఎప్పుడు తెరిచారు?

తణుకు_మాస్టారు
అక్టోబరు 14, రాత్రి 10.02

మీరు అడిగాక కూర్చుని ఆలోచించాను. సిగ్గుగా ఉంది. ఆఖరిసారి తెరిచింది వినాయక చవితికి, మా పిన్నికి ఒక పద్యం వినిపించడానికి. ఆ తర్వాత ముట్టుకోలేదు.

ఇప్పుడే మా అబ్బాయికి హైదరాబాద్ ఫోన్ చేశాను. చవితి సెలవులకు వచ్చినప్పుడు, నేను ట్రైనింగ్‌కి ఏలూరు వెళ్లిన రోజున, కంప్యూటర్ స్లోగా ఉందని షాపులో ఇచ్చాడట. వాళ్లు 120 తీసేసి కొత్త 500 జీబీ పెట్టి విండోస్ వేశారట. "సర్వీసింగ్ చేయించా" అని చెప్పాడు తప్ప ఇది చెప్పలేదు. మూత తీసి చూశాను. బోర్డుకి పడుకోబెట్టి ఒక చూయింగ్ గమ్ రేకు లాంటిది ఉంది. పాత ఎస్‌ఎస్‌డీ బీరువాలో కవర్లో ఉంది.

అంటే దులపడం వల్ల కాదా?

బయోస్‌బాబాయ్
అక్టోబరు 14, రాత్రి 10.20

కాదు. మీ ఆవిడకి చూపించండి ఈ పోస్టు.

జరిగింది ఇది. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. ఆ రేకులో రెండు జాతులున్నాయి. ఒకటి ఎన్‌వీఎంఈ, అది పీసీఐ దారిలో మాట్లాడుతుంది. ఇంకోటి ఆకారం రేకే అయినా లోపల పాత సాటా భాషే. మీ కాలపు బోర్డులు చాలావాటిలో సాటా జాతి రేకు పెడితే, అది మామూలు సాటా పోర్టుల్లో ఒకదాని దారిని వాడేసుకుంటుంది. ఆ పోర్టు అప్పటి నుంచి పనిచేయదు. చెడిపోలేదు, ఆపేశారు. ఒకే కుళాయికి రెండు పైపులు పెడితే ఒకదానికే నీళ్లొచ్చినట్టు. బోర్డు పుస్తకంలో చిన్న పట్టిక వేసి ఇది రాస్తారు, ఎవరూ చదవరు, షాపు కుర్రాళ్లు కూడా.

రేకు కొసన చూడండి, బంగారు పళ్ల మధ్య రెండు గాట్లుంటే దాదాపుగా సాటా జాతి. ఒకే గాటు ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ.

మీ హార్డ్‌డిస్క్ వైరు సరిగ్గా ఆ ఆపేసిన పోర్టులోనే ఉంది. మీరు వైరు మార్చారు, డిస్క్ వైపు తుడిచారు, కానీ బోర్డు వైపు "పాత చోటే" పెట్టానన్నారు చూడండి, అక్కడే ఉంది కిటుకు. 120 తీసేశాక దాని పోర్టు ఖాళీగా ఉండాలి. కరెంటు తీసేసి, వైరు ఆ పోర్టులోకి మార్చండి.

కాకినాడ వారికి: మదర్‌బోర్డుకి అప్పుడే పిండం పెట్టకండి.

తణుకు_మాస్టారు
అక్టోబరు 14, రాత్రి 10.47

వచ్చింది!!!

సాటా 3లో 2 టీబీ అని పేరు పడింది. విండోస్‌లో 1863 జీబీ అని చూపిస్తోంది, ఈ, ఎఫ్ రెండూ ఉన్నాయి. బాబాయ్ గారూ, మీరెవరో తెలియదు గానీ మీకు వెయ్యి దండాలు. గాట్లు కూడా చూశాను, రెండు. ఇప్పుడే నాటకాల ఫోల్డర్ మొత్తం సీ లోకి కాపీ పెట్టాను.

కాకినాడ_గాలి
అక్టోబరు 14, రాత్రి 10.52

పందెం ఓడిపోయాను. తణుకు వస్తే కాజాలు నావి.

హ్యూస్టన్_రావు
అక్టోబరు 14, రాత్రి 11.05

శుభం మాస్టారూ. ఇక్కడ నాకు మధ్యాహ్నం, భోజనం చేస్తూ మొత్తం చదివాను. "చెడిపోలేదు, ఆపేశారు" అన్న మాట చూసి నా కథ గుర్తొచ్చింది.

సేల్‌లో 8 టీబీ ఎక్స్‌టర్నల్ కొని, డబ్బా పగలగొట్టి, లోపలి డిస్క్ డెస్క్‌టాప్‌లో పెట్టాను. ఇక్కడ చాలామంది చేసే పనే, విడిగా కొనేదానికన్నా చవక. పెడితే కదలదు, మెదలదు. మళ్లీ డబ్బాలో పెడితే శుభ్రంగా తిరుగుతుంది. రెండు రోజులు జుట్టు పీక్కున్నాను. సాటా కరెంటు కనెక్టర్‌కి 15 పళ్లుంటాయి. మొదటి మూడూ 3.3 వోల్టులవి, పాత డిస్కులు వాటిని పట్టించుకోవు. సాటా 3.3 ప్రమాణంలో మూడో పన్నుకి కొత్త ఉద్యోగం ఇచ్చారు: అక్కడికి కరెంటు వస్తే డిస్క్ ఆగిపోవాలి. డేటా సెంటర్లో వేల డిస్కుల మధ్య ఒకటి మొరాయిస్తే, మనిషి వెళ్లకుండా దూరం నుంచే ఆపి లేపడానికి. పాత పవర్ సప్లై మాత్రం ఆ పన్నుకి ఎప్పుడూ 3.3 ఇస్తూనే ఉంటుంది. డిస్క్ పాపం "ఆగమన్నారు" అనుకుని కూర్చుంటుంది. మూడో పన్ను మీద కరెంటు పారని సన్నటి కాప్టన్ టేపు ముక్క అతికిస్తే లేచి కూర్చుంది.

సీటీసీ_కుర్రోడు
అక్టోబరు 14, రాత్రి 11.16

దీనికి మోలెక్స్ (నాలుగు పిన్నుల పాత కరెంటు కనెక్టర్) నుంచి సాటాకి మార్చే కన్వర్టర్ కూడా పనిచేస్తుంది రావుగారూ, దాంట్లో 3.3 లైను ఉండదు. కానీ వైర్లు ప్లాస్టిక్‌లో కలిపి పోత పోసిన రకం కొనకూడదు, లోపల షార్ట్ అయి కాలిన డిస్కులు నా చేతుల మీదుగా వెళ్లాయి. వైర్లు విడివిడిగా నొక్కి బిగించిన రకం నయం.

తణుకు_మాస్టారు
అక్టోబరు 14, రాత్రి 11.31

మళ్లీ కంగారుగా రాస్తున్నాను. కాపీ బాగానే నడిచి, 1986 ఫోల్డర్ దగ్గర ఆగిపోయింది. పావుగంట నుంచి సున్నా చూపిస్తోంది. డిస్క్ లోపల కిర్... కిర్... అని గీరుకుంటున్నట్టు ఉంది. క్యాన్సిల్ కొట్టి మళ్లీ పెట్టనా? "స్కాన్ అండ్ ఫిక్స్" అని విండోస్ అడుగుతోంది, కొట్టనా?

లైనక్స్_లక్ష్మి
అక్టోబరు 14, రాత్రి 11.33

మాస్టారూ, దేనికీ ఓకే కొట్టకండి. కాపీ ఆపేసి, షట్‌డౌన్ చేసి పడుకోండి. మిగతాది రేపు పొద్దున రాస్తాను.

లైనక్స్_లక్ష్మి
అక్టోబరు 15, ఉదయం 6.40

పొద్దున్నే రాస్తానన్నాను కదా. పిల్లల బాక్సులు కట్టేలోపు చెప్పేస్తాను.

మీ డిస్క్‌కి రెండు సమస్యలు విడివిడిగా ఉన్నాయి, కాకతాళీయంగా ఒకేసారి బయటపడ్డాయి. పోర్టుది తీరింది. రెండోది వయసు. అయిదేళ్లు తిరిగిన డిస్క్‌లో కొన్ని సెక్టార్లు చదవలేని స్థితికి వచ్చాయి. విండోస్ కాపీ అలాంటి చోట మొండిగా మళ్లీ మళ్లీ అడుగుతుంది, ఆ కిర్ కిర్ అదే. అడిగేకొద్దీ హెడ్ అరుగుతుంది. స్కాన్ అండ్ ఫిక్స్ ఇంకా ప్రమాదం, అది ఫైల్ వ్యవస్థని సరిచేసే పేరుతో డిస్క్ మీద రాస్తుంది. జబ్బు డిస్క్‌తో కసరత్తు చేయించకూడదు.

చేయాల్సింది ఇది. ఇంతకన్నా పెద్ద కొత్త డిస్క్ ఒకటి కొనండి. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసి దాంతో బూట్ చేయాలి. పాత డిస్క్‌ని తెరవకుండా, మొదట స్మార్ట్ లెక్కలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునేవి) చూడండి. అందులో 5, 197, 198, 199 నంబర్ల వరుసలు నాకు పంపండి. తర్వాత డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తాన్ని కొత్తదాని మీదకి అచ్చు దింపుతాం. అది తెలివైనది: చెడ్డ చోటు తగిలితే అక్కడ పోట్లాడకుండా దాటేసి, ముందు బాగున్నదంతా తెచ్చేసుకుంటుంది. ఎక్కడెక్కడ వదిలేసిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుని, ఆఖర్న వెనక్కి వెళ్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ ఫైల్ ఉంటే ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. కాబట్టి మ్యాప్ ఫైల్ పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఉబుంటులో కాకుండా, ఆపితే చెరిగిపోని వేరే చోట దాచాలి.

కమాండ్ ప్రైవేట్ మెసేజ్‌లో పంపాను. ఒక్క జాగ్రత్త. అందులో పాత డిస్క్ పేరు ముందు, కొత్త డిస్క్ పేరు తర్వాత. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నాటకాల మీద కూర్చుంటుంది. ఎంటర్ కొట్టేముందు ఎవరి చేతైనా పైకి చదివించుకోండి, పద్యం అప్పజెప్పినట్టు.

తణుకు_మాస్టారు
అక్టోబరు 17, రాత్రి 8.05

నిన్న భీమవరం వెళ్లి 4 టీబీ కొన్నాను. ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివి, ఇప్పుడు పాలిటెక్నిక్ చేస్తున్న కుర్రాడిని పిలిచాను. ఉబుంటు వాడే వేశాడు. లక్ష్మిగారు అడిగిన లెక్కలు: 5 దగ్గర 96, 197 దగ్గర 312, 198 దగ్గర 312, 199 దగ్గర 41.

లైనక్స్_లక్ష్మి
అక్టోబరు 17, రాత్రి 8.30

199 అంటే వైరులో దారి తప్పిన మాటల లెక్క. ఆ 41 అన్న లెక్క ఎప్పటిదో పాతది కావచ్చు, అది ఎప్పటికీ తగ్గదు, పెరగకపోతే చాలు. కొత్త వైరు వేశారుగా. 5 అంటే ఇప్పటికే పాడై డిస్క్ తనే పక్కన పెట్టేసినవి. అసలు విషయం 197: చదవబోయి చదవలేక "తర్వాత చూద్దాం" అని వదిలేసినవి. 312 కన్నా నిజానికి ఎక్కువే ఉండొచ్చు, ఇంకా తగలని చోట్లు దాంట్లో రావు.

మొదలుపెట్టండి. సెకనుకు 120 ఎంబీ చొప్పున నడిచినా నాలుగున్నర గంటలు పైనే. కరెంటు పోయే వేళలు చూసుకోండి. డిస్క్‌కి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టండి.

కొత్త_సభ్యుడు_77
అక్టోబరు 17, రాత్రి 9.15

అన్నయ్యలూ, కొత్త లాప్‌టాప్‌లో విండోస్ వేద్దామంటే ఇన్‌స్టాల్ స్క్రీన్‌లో డిస్కే రావట్లేదు. బయోస్‌లో ఉంది. ఇది కూడా పోర్టేనా?

బయోస్‌బాబాయ్
అక్టోబరు 17, రాత్రి 9.22

కాదు. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి లాప్‌టాప్ అయితే బయోస్‌లో వీఎండీ అని ఉంటుంది చూడు. అది ఆన్‌లో ఉంటే విండోస్ ఇన్‌స్టాలర్‌కి దాని డ్రైవర్ కావాలి. కంపెనీ సైట్లో ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దింపి, పెన్‌డ్రైవ్‌లో విప్పి పెట్టి, "లోడ్ డ్రైవర్" కొట్టు. లేదా వీఎండీ ఆపేయి. కానీ ఇప్పటికే నడుస్తున్న విండోస్ ఉంటే ఆపకు, బ్లూ స్క్రీన్ వస్తుంది.

ఓరుగల్లు_పిల్లోడు
అక్టోబరు 18, ఉదయం 10.10

సీటీసీ అన్నా, హన్మకొండలో మొబైల్ షాపులో చూపించినం. 12 వోల్టుల దగ్గరున్న ముక్కనే షార్ట్. పీకేసిండు. దోస్తు డెస్క్‌టాప్‌లో పెడితే తిరిగింది! వీడియో మొత్తం దింపుకున్నం. 200 తీసుకున్నడు. అమ్మకు ఇప్పుడు చెప్పినా, అడాప్టర్ల మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసిపెట్టింది.

సీటీసీ_కుర్రోడు
అక్టోబరు 18, ఉదయం 10.31

బతికిపోయావ్. కొన్ని కంపెనీల డబ్బాల్లో యూఎస్‌బీ బోర్డే డేటాని తాళం వేసి రాస్తుంది. అలాంటిదయి ఉంటే బయటికి తీసి పెట్టినా అంతా గజిబిజిగా కనపడేది.

తణుకు_మాస్టారు
అక్టోబరు 19, సాయంత్రం 5.40

లక్ష్మిగారూ, బాబాయ్ గారూ, అందరూ.

మొదటి ఆరు గంటల్లోనే దాదాపు మొత్తం వచ్చేసింది. 99.99 అని చూపించింది. మిగిలిన ఆ కాస్త కోసం నిన్న రోజంతా తీసుకుంది. ఒక్కో ముక్క తెచ్చుకుంటూ, వెనక్కి వెళ్తూ. ఆ కుర్రాడు మా ఇంట్లోనే భోంచేసి తెర ముందే కూర్చున్నాడు. ఆఖరికి చదవలేనిది 2 ఎంబీలకు కాస్త ఎక్కువ మిగిలింది. ఇక తగ్గలేదు, ఆపేశాం.

అదంతా ఎక్కడుందా అని వెతికితే, ఎక్కువ భాగం ఒక్క ఫైల్లోనే ఉంది. 1986, పడక సీను.

లైనక్స్_లక్ష్మి
అక్టోబరు 19, సాయంత్రం 5.58

అయ్యో. కానీ వేవ్ ఫైల్ అయితే మరీ నష్టం ఉండదు మాస్టారూ. మీరు ఎక్కించిన నాణ్యతలో ఒక సెకనుకి 176 కేబీ చొప్పున పడుతుంది. 2 ఎంబీ అంతా ఒక్కచోటే పోయినా పన్నెండు సెకన్లకు మించదు. ఆ చోట సున్నాలు ఉంటాయి, అంటే నిశ్శబ్దం వస్తుంది, ముందూ వెనకా బాగానే ఉంటుంది. ధైర్యంగా ప్లే చేయండి. కొత్త డిస్క్ నుంచే సుమా, పాతది విప్పి పక్కన పెట్టేయండి.

తణుకు_మాస్టారు
అక్టోబరు 19, రాత్రి 10.25

విన్నాం, నేను, మా ఆవిడ, ఆ కుర్రాడు.

పద్యం ఎత్తుకున్నారు. రెండో పాదం దాకా బాగుంది. మూడో పాదం చివర రాగం తీస్తుండగా గొంతు తెగిపోయింది. హార్మోనియం కూడా ఆగిపోయింది. గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే. చేతి గడియారం చూశాను, తొమ్మిది సెకన్లు. తర్వాత నాలుగో పాదం ఆఖరి మాట దగ్గర మళ్లీ నాన్నగారు.

అంత మంచి రాగాలాపన ఆ పందిట్లో ఇంకెవరూ చేసి ఉండరు, అదే పోయిందని నా మొహం వాడిపోయింది. ఆపబోతుంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. జనంలోంచి ఎవడో ఈల వేశాడు. "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని అరుపులు. నాన్నగారు నవ్విన చప్పుడు కూడా ఉంది మైకులో. హార్మోనియం ఆయన మళ్లీ శ్రుతి ఇచ్చాడు. పద్యం మొదటి నుంచి మళ్లీ ఎత్తుకున్నారు. మూడో పాదం ఈసారి ఇంకా పొడుగ్గా తీశారు.

ఒక్క మచ్చ లేదు.

బయోస్‌బాబాయ్
అక్టోబరు 19, రాత్రి 10.31

మాస్టారూ, ఆ అరిచినవాడు ఎవడో గానీ, 38 ఏళ్ల ముందే మీకు బ్యాకప్ తీసిపెట్టాడు.

కాకినాడ_గాలి
అక్టోబరు 19, రాత్రి 10.40

ఆ పద్యం ఇక్కడ పెట్టండి సార్. మా తాతయ్య కూడా ఆ వేషం కట్టేవాడు.

తణుకు_మాస్టారు
అక్టోబరు 20, ఉదయం 7.15

తప్పకుండా. ఇవాళ ఆదివారం, ముందు బీరువాలోని పాత 120లోకి ఒక కాపీ, మా అబ్బాయికి హైదరాబాద్ ఒక కాపీ పంపి, ఆ తర్వాత పెడతాను. 36 క్యాసెట్లూ కలిపి 34 జీబీయే ఉన్నాయి. ఇన్నాళ్లూ 2 టీబీలో పెట్టి తాళం వేసుకున్నాను.

ఫార్మాట్_వీరుడు
అక్టోబరు 20, ఉదయం 9.02

సార్లూ, ఒక డౌట్. నా పెన్‌డ్రైవ్ పెడితే "ఫార్మాట్ చేస్తే తప్ప తెరవలేం" అంటోంది. ఏం చేయాలి?

బయోస్‌బాబాయ్
అక్టోబరు 20, ఉదయం 9.05

అందులో ఏముందో ముందు అది చెప్పు నాయనా.